ఉమ్మడి కాపురంలో నా వంతు

ఉమ్మడి కుటుంబం గురించి నేను బాగా మాట్లాడతాను. ఈ మాట నాది కాదు, మా ఊరి తెలుగువాళ్ళది. ఉగాదినాడు పంచాంగ శ్రవణం అయ్యాక, పులిహోర వడ్డన మొదలయ్యేలోపు ఒక పావుగంట ఖాళీ దొరుకుతుంది. ఆ పావుగంట ఏళ్ళ తరబడి నా పేరున రాసి ఉంది. మా ఊరంటే పోర్ట్‌బ్లేర్. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ ఆ ఉత్తర్వు మా నాలుకల దాకా ఇంకా చేరలేదు.

ప్రసంగం ఎప్పుడూ ఒకటే. శ్రీకాకుళం జిల్లా కవిటి పక్కన మా పల్లె, కొబ్బరితోటలో పెంకుటిల్లు. నలుగురు అన్నదమ్ములు, వాళ్ళ భార్యలు, పిల్లలు, మా నాయనమ్మ, ఒక మేనత్త. అందరికీ ఒకటే పొయ్యి. "ఎవరికి ఎవరు వడ్డిస్తున్నారో, ఎవరి కంచం ఎవరు తీస్తున్నారో తెలియని ఆప్యాయత" అనే వాక్యం దగ్గర నా గొంతు కొద్దిగా వణుకుతుంది. సాధన చేస్తే వచ్చిన వణుకు. అక్కణ్ణించి నికోబార్ వెళ్తాను. కార్ నికోబార్‌లో తుహేత్ అనే ఉమ్మడి పద్ధతి ఉంది. కొబ్బరితోటలు, పందులు, నేల ఏ ఒక్కరివీ కావు, తుహేత్‌వి. 2004 సునామీ తర్వాత పరిహారం డబ్బు విడివిడి కుటుంబాల పేర పంచేసరికి అంతవరకూ లేని తగాదాలు వచ్చాయి. "చూశారా!" అని బల్ల చరుస్తాను. జనం చప్పట్లు కొడతారు. పులిహోర గిన్నెలు కనిపించినందుకు కూడా కావచ్చు.

వెనక వరుసలో మా ఆవిడ కూర్చుంటుంది. చప్పట్లు కొట్టదు. నా గొంతు వణికే వాక్యం రాగానే ఒకసారి పైట సర్దుకుంటుంది, అంతే. ఆ సర్దుకోవడానికి అర్థం ఏమిటని ఇన్నేళ్ళలో నేను అడగలేదు. అడిగితే చెబుతుందని భయం.

వండూర్ అనే పల్లెలో ఉండే మా స్నేహితులు మాకు దొరికింది ఊళ్ళోని జంగ్లీఘాట్‌లో. అక్కడి చేపల రేవులో తెల్లవారితే వినిపించే మాటల్లో తెలుగే ఎక్కువ. పడవల వాళ్ళలో చాలామంది మా శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చినవాళ్ళు. సెలవునాడు సంచీ మోసే ఉద్యోగం నాది, చేపను ఎంచే అధికారం ఆవిడది. ఒకరోజు ఒక అమ్మాయి నోటుపుస్తకం పట్టుకుని గంపల మధ్య తిరుగుతోంది. మంగళూరు పిల్ల. చేపల వేట మీద పరిశోధనట. ఆ పిల్ల హిందీలో ఏదో అడుగుతోంది, పడవ మనిషి అచ్చమైన సోంపేట తెలుగులో జవాబిస్తున్నాడు. మధ్యలో నేను దూరాను. దుబాసీ పని నాకు మహా ఇష్టం. ఇద్దరూ మన మొహమే చూడక తప్పదు.

ఆ పిల్ల ఒక చేపను చూపించి ఇదేమిటంది. నేను గంభీరంగా ట్యూనా అన్నాను.

మా ఆవిడ గంపలోంచి తల ఎత్తలేదు. "అది కోనాం. సూర అంటే ఇదీ" అని పక్క గంపలోంచి ఒకదాన్ని తోక పట్టి లేపింది. ఆ తర్వాత చందువ, టేకు, కానాగంత, కవళ్ళు. ఏది ఏ కాలంలో కొవ్వు పడుతుందో, దేని మొప్పలు ఎలా ఉంటే నిన్నటిదో వరసగా చెప్పుకుపోయింది. ఆ అమ్మాయి మొహం నా వైపు నుంచి నెమ్మదిగా ఆవిడ వైపు తిరిగింది. నేను సంచీ పట్టుకుని నిలబడ్డాను. అయినా ఇంటికొచ్చాక "ఇవాళ నాకు కొత్త స్నేహితులు దొరికారు" అనే అన్నాను.

కొన్నాళ్ళకు ఆ అమ్మాయీ, వాళ్ళ జట్టులో మరికొందరు కుర్రకారూ మా ఇంటికొచ్చి ఆవపెట్టిన పనసపొట్టు కూర తిని, మేమూ వాళ్ళ దగ్గరికి రావాల్సిందేనని పట్టుబట్టారు. "శనివారం రాత్రి అందరం కలిసి వండుకుంటాం, అంకుల్. ఉండిపోండి, పొద్దున వెళ్ళొచ్చు. మా దగ్గర సౌకర్యాలేం ఉండవు మరి."

"నాకా! నేను ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాణ్ణి. ఎక్కడైనా సర్దుకుపోతాను" అన్నాను.

మా ఆవిడ పైట సర్దుకుంది.

వండూర్ మాకు ముప్పై కిలోమీటర్లు. గారాచర్మా దాటితే సిప్పీఘాట్. ఒకప్పుడు అక్కడ రోడ్డుకు అటూ ఇటూ వరి పండేది. 2004 డిసెంబరు 26న దక్షిణ అండమాన్ నేల దాదాపు ఒక మీటరు కుంగింది. ఆరోజు పొలాల్లోకొచ్చిన సముద్రం మళ్ళీ వెనక్కి పోలేదు. బస్సు అటువైపు వెళ్ళినప్పుడల్లా నేను పక్క సీటువాళ్ళకి ఈ సంగతి చెబుతాను. వాళ్ళు ఇక్కడివాళ్ళయినా సరే. వండూర్ వెళ్తుంటే ఇంకోటి కూడా చెబుతాను: 1921 మాప్పిళ్ళ తిరుగుబాటు తర్వాత మలబారు నుంచి ఇక్కడికి పంపేసిన వాళ్ళు తమ ఊళ్ళ పేర్లే ఈ పల్లెలకి పెట్టుకున్నారు. మంజేరి, నీలంబూర్, కాలికట్, వండూర్, అన్నీ మలబారు ఊళ్ళే. ఈసారి పక్క సీటులో మా ఆవిడ ఉంది కాబట్టి చెప్పలేదు. ఆవిడకి ప్రతి మలుపులో ఏ వాక్యం వస్తుందో తెలుసు.

చాలామంది వండూర్ జెట్టీ చూసి వెనక్కొచ్చేస్తారు. మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కుకి పడవలు అక్కణ్ణించే. 1983లో పదిహేను దీవులు కలిపి చేసిన పార్కు అది. ఆరునెలలు జాలీబాయ్, ఆరునెలలు రెడ్‌స్కిన్, వంతులవారీగా తెరుస్తారు. పగడాలకి కూడా కాస్త ఊపిరి తీసుకునే తీరిక కావాలి కదా. దీవులకు కూడా వంతులు వేశారని అప్పుడే నేను అర్థం చేసుకుని ఉండాల్సింది.

మా స్నేహితులుండేది జెట్టీ దగ్గర కాదు, ఉత్తర వండూర్‌లో. చెన్నై దగ్గర రోములస్ విటేకర్ వాళ్ళు 1976లో పెట్టిన మొసళ్ళ బ్యాంకు తెలుసుగా, ఆ ట్రస్టే 1990 ప్రాంతంలో ఇక్కడ పరిశోధకుల కోసం ఒక మకాం ఏర్పాటు చేసింది. అండమాన్ నికోబార్ ఎన్విరాన్‌మెంటల్ టీమ్ అంటే పలకడానికి పొడుగు, అందరూ ఆనెట్ అంటారు. తర్వాత దక్షిణ్ ఫౌండేషన్ కూడా చెయ్యి కలిపింది. చెట్ల మధ్య వెదురూ చెక్కలతో కట్టిన గుడిసెలు, అందరికీ కలిపి వంట, అందరూ కలిసి తినేచోటు. కప్పలవాళ్ళు, తాబేళ్ళవాళ్ళు, పగడాలవాళ్ళు, పాములవాళ్ళు ఎక్కడెక్కణ్ణించో వచ్చి నెలల తరబడి అక్కడే ఉంటారు. అడవీ సముద్రమూ వాళ్ళకి నేర్పేది కరెన్ పెద్దలు. 1925లో బర్మా నుంచి మాయాబందర్ వైపు తెచ్చి దింపిన కుటుంబాల వాళ్ళు. పీహెచ్‌డీలు కుర్రవాళ్ళవి, చదువు వీళ్ళది.

చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టగానే నాకు కడుపు నిండిపోయింది. ఒకే పొయ్యి! ఒకే కుండ! తమిళ పిల్ల, బెంగాలీ కుర్రాడు, మన హైదరాబాద్ కుర్రాడొకడు, ఒక మరాఠీ జంట, అంతా ఒక్కచోట! నా ఉగాది ప్రసంగానికి ప్రాణం వచ్చి ఎదురుగా నిలబడ్డట్టుంది. "అచ్చం మా ఇల్లే" అన్నాను మా ఆవిడతో. ఆవిడ అప్పటికే నా పక్కన లేదు. పొయ్యి దగ్గర కూర్చుని, ఇంటి నుంచి తెచ్చిన చింతపండు నానబెడుతోంది.

నేను ఒక బల్ల చూసుకుని కూర్చున్నాను. ఇలాంటి చోట మంచినీళ్ళు వాటంతటవే వస్తాయని నా అనుభవం. రాలేదు. వచ్చింది మంగళూరు పిల్ల.

"అంకుల్, పనులు పంచుకుంటున్నాం. మీకేం వచ్చు?"

ఆఫీసులో ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. చేరినప్పుడు కూడా అడిగిన గుర్తు లేదు. కొంచెం ఆలోచించి, "నేను అందరినీ ఒకసారి చూసుకుంటాను" అన్నాను.

"అంటే?"

"ఎవరి పని వాళ్ళు చేస్తున్నారో లేదో."

"చేస్తున్నారంకుల్" అంది పాపం ఆ పిల్ల, నిజంగానే నన్ను నిశ్చింతపరచాలని. ఒక కత్తీ, పలకా, చిన్న గుట్టంత ఉల్లిపాయలూ నా ముందు పెట్టి వెళ్ళింది.

ఉల్లిపాయ గురించి నాకు ఆరోజు చాలా తెలిసింది. దానికి రెండు కొసలుంటాయి, ఏది ముందు కోయాలో ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. పొట్టు ఎక్కడితో ఆగుతుందో, ఉల్లిపాయ ఎక్కడ మొదలవుతుందో దానికే స్పష్టత లేదు. నేను ఒకదాని పొట్టు తీస్తూ తీస్తూ చివరిదాకా వెళ్ళిపోయాను. రెండోదాన్ని సగానికి కోస్తే ఒక సగం కింద పడి దొర్లింది, దాన్ని వెతకడానికి వంగితే కళ్ళలోంచి ధార. కన్నీళ్ళు తుడుచుకున్నది ఉల్లిపాయ కోసిన చేత్తోనే. ఆ తర్వాత కాసేపు ప్రపంచం కనిపించలేదు. కనిపించేసరికి ఒక కరెన్ పెద్దాయన నా ఎదురుగా కూర్చుని, చప్పుడు లేకుండా ఆ గుట్టనంతా సన్నగా తరిగేస్తున్నాడు. నా వైపు చూసి చిరునవ్వు నవ్వాడు. నేను తరిగినవి పలక మీద విడిగా ఉన్నాయి. బంగాళాదుంప కూరకి కోసినట్టు కొన్ని, పకోడీకి కోసినట్టు కొన్ని, దేనికీ పనికిరాకుండా కొన్ని. హైదరాబాద్ కుర్రాడు వచ్చి, "డిజైన్ బాగుంది అంకుల్" అన్నాడు.

పులుసు గొప్పగా కుదిరింది. కోనాం ముక్కలు, మా ఆవిడ చెయ్యి. అందరూ లొట్టలు వేస్తూ తిన్నారు. నేనూ తిన్నాను, కష్టపడ్డవాడి ఆకలితో. తినడం అయ్యాక ఏం చేశానో చెప్పడానికి నాకు ఇప్పటికీ ప్రాణం ఒప్పడం లేదు. మీలో కొందరు మగవాళ్ళు ఇప్పుడు కంచం పక్కనే ఈ పత్రిక పెట్టుకుని చదువుతుంటారు కాబట్టి చెబుతాను.

కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాను.

గ్లాసులో నీళ్ళు కుడిచేతి మీద పోసుకుని, వేళ్ళు దులిపి, మా నాన్న, మా తాత ఎలా లేచేవారో అలాగే లేచాను. బల్ల చుట్టూ మాటలు ఆగిపోయాయి. మిగతా వాళ్ళు ఎవరి కంచం వాళ్ళు పట్టుకుని తొట్టి వైపు బారులు తీరి ఉన్నారు. నా కంచంలో పసుపుపచ్చని నీళ్ళలో ఒక చేపముల్లు తేలుతోంది.

బెంగాలీ కుర్రాడు మర్యాదస్తుడు. "అంకుల్, ఇది మీ వైపు ఆచారమా?" అని అడిగాడు.

"అవును" అన్నాను, ఒడ్డు దొరికినట్టయింది.

"ఆచారమే, బాబూ. మగాళ్ళకి మాత్రమే" అంది మా ఆవిడ హిందీలో. పోర్ట్‌బ్లేర్ హిందీ చాలా స్పష్టమైన భాష.

తరవాత ఆ కంచం నేనే కడిగాను. కొబ్బరిపీచు తీసుకుని లోపలంతా తోమాను. "వెనక కూడా" అన్నారెవరో. కంచానికి వెనక వైపు జిడ్డు ఎలా వస్తుంది? వస్తుంది. వేలితో రాసి చూశాను, జారింది. ఇన్ని దశాబ్దాలుగా నేను తిన్న కంచాలన్నిటికీ వెనకవైపు ఉందన్నమాట! చెంబెడు నీళ్ళతో కడగాలి, ఎక్కువ పోయకూడదు. మా ఆవిడ చేతులు కట్టుకుని పక్కనే నిలబడి మొత్తం చూసింది. టీవీ సీరియల్ కూడా అంత శ్రద్ధగా చూడదు.

ఆ తర్వాత అందరూ చాపల మీద చేరారు. పోయిన పరువు రాబట్టుకోవడానికి నా దగ్గర ఒకటే ఆయుధం ఉంది, తీశాను. కొబ్బరితోట, పెంకుటిల్లు, ఒకే పొయ్యి. పిల్లలు శ్రద్ధగా విన్నారు. "ఎవరి కంచం ఎవరు తీస్తున్నారో" అన్న చోట మామూలుగా వచ్చే వణుకు రాలేదు, దగ్గొచ్చింది. ఆ దగ్గు సందులో తమిళ పిల్ల, "ఆంటీ, మీకు ఆ ఇల్లు ఎలా ఉండేది?" అని అడిగేసింది.

అడగకూడని ప్రశ్న. ఇన్నేళ్ళు నేను జాగ్రత్తగా తప్పించుకుంటూ వచ్చిన ప్రశ్న.

మా ఆవిడ పైట సర్దుకోలేదు. చెప్పడం మొదలుపెట్టింది. ఒకే పొయ్యి నిజమేనట. తడి కొబ్బరి మట్టలతో మండించాలి, పొగ ఎటూ పోదు. మొదటి పంక్తి మగవాళ్ళు, రెండో పంక్తి పిల్లలు, తర్వాత మా నాయనమ్మా మేనత్తా, ఆఖరున కోడళ్ళు. వాళ్ళ వంతు వచ్చేసరికి పులుసులో ముక్కలుండవు, ముక్కల వాసన ఉంటుంది. ఎవరి కంచం ఎవరు తీస్తున్నారో మగవాళ్ళకి తెలియకపోవచ్చు, తీసేవాళ్ళకి కచ్చితంగా తెలుసు. "మా ఇంటికి సముద్రం దగ్గరే. రాత్రి పడుకుంటే హోరు వినపడేది. నేను పెళ్ళయి వెళ్ళాక ఆ ఒడ్డుకి వెళ్ళనేలేదు. ఎవరు తీసికెళ్తారు? ఎప్పుడెళ్తాను? ఈయనకి ఇక్కడ ఉద్యోగం వచ్చాక ఓడెక్కినప్పుడే సముద్రాన్ని దగ్గర్నుంచి చూశాను." ఇదంతా కోపంగా ఏం చెప్పలేదు. మధ్యలో నవ్వింది కూడా. మా మేనత్త నడక అనుకరించి చూపించింది, అచ్చం అలాగే ఉంది. పిల్లలు పడిపడి నవ్వారు. నేనూ నవ్వబోయాను గానీ, ఈ కథలో నేను మొదటి పంక్తిలో కూర్చున్నవాణ్ణి కాబట్టి ఎంత నవ్వాలో తెలియలేదు.

నాకు తోడు తాబేళ్ళ పిల్ల వచ్చింది అనుకున్నాను. లిటిల్ అండమాన్ ఒడ్డున నెలల తరబడి గుడారాల్లో ఉండి లెదర్‌బ్యాక్ తాబేళ్ళను లెక్కపెట్టే పిల్ల. మాట మార్చడానికి తాబేళ్ళ సంసారం ఎలా ఉంటుందమ్మా అన్నాను. ఒడ్డుకొచ్చి గొయ్యి తీసి గుడ్లు పెట్టేదంతా ఆడదేనట. మగది పుట్టినప్పుడు ఇసుకలోంచి నీళ్ళలోకి వెళ్తే, ఇంక ఒడ్డు ముఖం చూడదట. ఉపగ్రహ పరికరాలు తగిలిస్తే ఇక్కణ్ణించి బయల్దేరిన ఆడ తాబేళ్ళు కొన్ని ఆస్ట్రేలియా దాకా, మరి కొన్ని ఆఫ్రికా వైపు వేల కిలోమీటర్లు వెళ్ళాయట. "ఎక్కడికెళ్తున్నావని అడిగేవాళ్ళుండరేటి?" అంది మా ఆవిడ ఎంతో ఆసక్తిగా. ఉండరంది ఆ పిల్ల. మా ఆవిడ నా వైపు చూడలేదు. చూడకపోవడమే నాకు నచ్చలేదు.

తర్వాత కప్పల కుర్రాడు లేచాడు. తలకి దీపం కట్టుకుని, కప్పలు చూద్దాం రండన్నాడు. సముద్రం ఒడ్డుకి కాదులెండి. అక్కడ ఉప్పునీటి మొసళ్ళు తిరుగుతాయని బోర్డులున్నాయి, రాత్రిపూట అటు పోయేంత పిచ్చివాళ్ళు శాస్త్రవేత్తల్లో కూడా లేరు. చెట్లలోకి. అండమాన్‌లో తప్ప ఇంకెక్కడా లేని కప్ప ఒకటుందట, దాని పేరు చార్లెస్ డార్విన్ కప్ప. చెట్టు తొర్రల్లో నిలిచిన వాననీళ్ళు దాని కాపురం. మా ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఎవరివో రబ్బరు బూట్లు తొడుక్కుని సిద్ధమైపోయింది.

"నువ్వా? ఈ చీకట్లో? పాములుంటాయి" అన్నాను.

"మీరు రారేటి?"

"ఇక్కడ ఒక మనిషి ఉండాలి కదా, ఇల్లు చూసుకోవడానికి."

ఆ ఇంట్లో దొంగలెత్తుకుపోవడానికి కప్పల బొమ్మల పుస్తకాలూ, నా మందుల డబ్బా తప్ప ఏమీ లేవు. ఎవరూ ఆ మాట అనలేదు.

దీపాలన్నీ చెట్లలో కలిసిపోయాక నేను గుడిసెలోకి వెళ్ళాను. దోమతెర నాలుగు మూలలూ నాలుగు మేకులకి తగిలించాలి. మూడు తగిలించేసరికి మొదటిది ఊడుతుంది. తువ్వాలు ఎక్కడుందో తెలియలేదు. సంచీ సర్దింది ఆవిడ. టార్చి కూడా ఆ సంచీలోనే ఎక్కడో ఉంది, దాన్ని వెతకడానికి టార్చి లేదు. ఇంతలో నా తలకి సరిగ్గా పైన, కప్పులో, ఎవరో పెద్దమనిషి గొంతు సవరించుకున్నట్టు ఒక అరుపు. మళ్ళీ ఇంకోటి. ఈ దీవుల్లో ఒక పెద్ద బల్లి ఉంది, ఊళ్ళో బల్లుల్లా కిచకిచలాడదు, పిలుస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి ఉండటానికీ, చీకట్లో దాని కింద పడుకోవడానికీ ఏమీ సంబంధం లేదని కూడా అప్పుడు తెలిసింది. దోమతెరను ఒంటికే చుట్టేసుకుని మంచం మధ్యలో కూర్చున్నాను.

వాళ్ళు తిరిగొచ్చేసరికి నేను అదే భంగిమలో ఉన్నాను. హైదరాబాద్ కుర్రాడు దీపం నా మీద వేసి, "అంకుల్, పట్టుపురుగుల మీద రీసెర్చా?" అన్నాడు.

మా ఆవిడ మొహం వెలిగిపోతోంది. బూట్లు విప్పుతూనే మొదలుపెట్టింది. కప్ప దొరికిందట. తొర్రలోకి దీపం వేసి చూపించారట. ఆ మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ నీళ్ళ పైన తొర్ర గోడకి తలకిందులుగా వేలాడుతూ గుడ్లు పెడతారట. అలా ఎందుకంటే, జత దొరకని మగకప్పలు వచ్చి తన్ని వీళ్ళని విడదీయాలని చూస్తాయి. తలకిందులుగా ఉంటే వాటి ఆట సాగదు. ఈ సంగతి మన దేశపు శాస్త్రవేత్తలూ అమెరికా వాళ్ళూ కలిసి రాత్రులు కాపు కాసి చూసి, 2024లో ప్రకటించారట. మరో మాట కూడా చెప్పింది, అది మాత్రం నవ్వు లేకుండా. చెట్లు తగ్గి తొర్రలు చాలక, ఆ కప్పలు జనం పారేసిన డబ్బాల్లో, నర్సరీల్లో మొక్కలు పెంచే ప్లాస్టిక్ సంచుల్లో నిలిచిన నీళ్ళలో గుడ్లు పెట్టుకుంటున్నాయట. "ఇల్లు దొరక్క" అంది. అద్దె ఇళ్ళ కోసం పోర్ట్‌బ్లేర్ అంతా తిరిగిన రోజులు ఇద్దరికీ గుర్తున్నాయి.

నా తువ్వాలు ఎక్కడుందని అడుగుదామనుకున్నాను. ఆవిడ వెళ్ళిపోయింది. ఆడవాళ్ళంతా ఒక గుడిసెలో పడుకుంటున్నారట.

నిద్రేం పట్టలేదు. వెదురు తడికల్లోంచి అవతలి గుడిసె మాటలన్నీ వినిపిస్తున్నాయి, అర్థం మాత్రం కావడం లేదు. మధ్యమధ్య ఒక పెద్ద నవ్వు. ఆ నవ్వు మా ఆవిడదని పోల్చుకోవడానికి నాకు కొంచెం టైము పట్టింది. మా ఇంట్లో అంత సౌండ్ ఎప్పుడూ పెట్టలేదు. ఒకసారి "ఉల్లిపాయ" అన్న మాట, వెంటనే నవ్వులు. మరోసారి "ట్యూనా". నా జీవితచరిత్ర అలా అక్కడక్కడా ముఖ్యాంశాలుగా వినపడింది. పై నుంచి బల్లి కూడా ఊఁ కొడుతోంది.

పొద్దున స్నానాల గదిలో రెండు బకెట్ల నీళ్ళుంటే నేను దర్జాగా రెండూ పోసేసుకున్నాను. బయటికొచ్చేసరికి తువ్వాలు భుజాన వేసుకుని ఐదుగురు నిలబడి ఉన్నారు. మా పోర్ట్‌బ్లేర్‌లో వేసవి వస్తే కుళాయి రోజు విడిచి రోజు కూడా రాదు, డ్రమ్ములు పట్టుకోవడం మాకు కొత్త కాదు. నీళ్ళ విలువ తెలియదనడానికి లేదు. పట్టేది నేను కాదు, అంతే తేడా. కరెన్ పెద్దాయన ఖాళీ బకెట్లు రెండూ నా చేతికిచ్చి, ట్యాంకు ఎటుందో చూపించాడు. అదే నవ్వు. ఆ రెండూ నింపుకుని గుడిసెల మధ్య నడిచొస్తుంటే అందరికంటే ముందు దారి ఇచ్చి పక్కకి తప్పుకున్నది మా ఆవిడే. మా పెళ్ళిలో కూడా నన్ను అంత గౌరవంగా చూడలేదు.

తిరుగు బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. సిప్పీఘాట్ దగ్గర నేను నోరు విప్పకముందే పక్క సీటు ముసలాయనకి సునామీ సంగతీ, నేల కుంగిన సంగతీ మొత్తం చెప్పేసింది. నాకంటే పొట్టిగా, నాకంటే బాగా చెప్పింది.

ఇంటికొచ్చాక మామూలే అనుకున్నాను. సోమవారం పొద్దున ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం కనిపించింది. రెండు వరసలు గీసి, ఒకదాని మీద ఆవిడ పేరు, ఒకదాని మీద నా పేరు. నా వరసలో: నీళ్ళు పట్టుట, కంచాలు (వెనకవైపు సహా), ఉల్లిపాయలు. విశాఖలో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేసి మొర పెట్టుకున్నాను. "ఫొటో పంపించు నాన్నా, మా ఇంట్లో కూడా అంటిస్తాను" అంది. అల్లుడు అప్పటి నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

ఉగాదికి ప్రసంగం అడిగారు. ఇచ్చాను. ఉమ్మడి కుటుంబం గురించే, పావుగంటే. ఆ వాక్యాన్ని మాత్రం కొంచెం మార్చి, "ఎవరి కంచం వాళ్ళే కడుక్కునే ఆప్యాయత" అన్నాను. ముందు వరసల్లో మగవాళ్ళెవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక వరసల్లోంచి మాత్రం పులిహోర రాకముందే వచ్చాయి.

వచ్చే శనివారం వండూర్ వాళ్ళు మళ్ళీ పిలిచారు. పిలుపు ఆవిడకి. కావాలంటే నన్ను వెంట తెచ్చుకోవచ్చన్నారట. వెళ్తున్నాను. ఈసారి నాకు అప్పగించిన ఉల్లిపాయలు రెండు కిలోలు. కళ్ళు మండకుండా తరిగే మార్గం మీలో ఎవరికైనా తెలిస్తే, శుక్రవారంలోగా చెప్పి పుణ్యం కట్టుకోండి.